చవకగా తెస్తున్నాను, అయినా ఖర్చు తగ్గడం లేదు

ప్రశ్న: వనస్థలిపురం నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. గత నెల ఇంటి ఖర్చుల పుస్తకం నకలు కూడా జతచేశారు. ఆయన వయసు 41 ఏళ్లు, కోఠిలో ఒక ప్రైవేటు సంస్థలో అకౌంటెంటు. భార్య ఉద్యోగం మాదాపూర్‌లో. ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి, నాలుగో తరగతి అబ్బాయి, షుగరుతో బాధపడే తల్లి కలిపి ఇంట్లో ఐదుగురు. ఇద్దరి జీతాలూ కలిస్తే లక్షా పదివేలు. 2021లో ఒక గృహరుణ సంస్థ నుంచి 35 లక్షలు అప్పు తీసుకుని ఫ్లాటు కొన్నారు. అప్పట్లో 26,600 ఉన్న ఈఎంఐ రెండేళ్లలో 32,000కు చేరింది.

ఈఎంఐ పెరిగిన దగ్గర్నుంచి సరుకుల బాధ్యత ఆయనే తీసుకున్నారు. ఆఫీసు అయ్యాక బేగంబజార్ వెళ్లి కందిపప్పు, మినప్పప్పు, రవ్వ, జీలకర్ర, బాదం వంటివి టోకు ధరకు తెస్తారు. కిలోకు 20 రూపాయలు మిగిలినా మిగిలినట్టే అన్నది ఆయన పద్ధతి. అయినా నెలకు 16,000లో సరిపెట్టాలనుకున్న ఖర్చు గత నెల 24,600 అయింది. అందులో 6,000 భార్య ఫోనులోని పది నిమిషాల డెలివరీ యాప్‌లకు పోయింది. ఒక రాత్రి తొమ్మిదింటికి కరివేపాకు, అర లీటరు పెరుగు, బ్రెడ్డు, ఒక చాక్లెట్టు వచ్చాయి. సరుకు విలువ 148 రూపాయలు, దాని మీద ఛార్జీలు 41. ఆ బిల్లు చూసి తల్లి ముందు, పిల్లల ముందు "నీ జీతమని నీ ఇష్టం వచ్చినట్టు తగలేస్తావా?" అని అరిచారు. ఆమె బదులు చెప్పలేదు. అప్పటి నుంచి జీతంలో కొంత ఆయన చేతికిచ్చి, మిగతా డబ్బుతో తనకు కావలసినవి తానే తెప్పించుకుంటున్నారు. వచ్చిన కవర్లను పక్క ఫ్లాటు వాళ్ల చెత్తడబ్బాలో వేస్తున్నారని కూతురు చెప్పిందట.

"నేను రూపాయి రూపాయి కూడబెడుతుంటే తను కుమ్మరిస్తోంది. తనకు అర్థమయ్యేలా ఎలా చెప్పాలి? ఆ యాప్‌లు ఫోనులోంచి తీసేయించడం తప్పా?" అని అడుగుతున్నారు.

సమాధానం: మీ ఉత్తరం కన్నా మీ పుస్తకం పేజీలనే ఎక్కువసేపు చూశాను. చక్కగా రాశారు. తేదీ, కొట్టు, బరువు, ధర అన్నీ ఉన్నాయి. ఇంత శ్రద్ధగా లెక్క రాసేవారు తక్కువ. అందుకే మీతో ముందు లెక్కల గురించే మాట్లాడతాను. ఇంట్లో మాటలు ఆగిపోయిన సంగతి అంతకన్నా పెద్దది. కానీ లెక్క తేలితే తప్ప ఆ రెండోది మీకు సరిగా కనిపించదని నా నమ్మకం.

24,600ను మీరు నెల "ఖర్చు" అని రాశారు. అది మీరు ఆ నెలలో కొన్న సరుకు విలువ. ప్రారంభ నిల్వ, ముగింపు నిల్వ చూడకుండా కొనుగోళ్లన్నీ ఆ నెల ఖర్చులో వేయరాదని మీకు ఒకరు చెప్పనక్కర్లేదు, అది మీ వృత్తి. ఆ నెల మీరు 15 కిలోల నూనె డబ్బా తెచ్చారు, 2,200 రూపాయలు. ఐదుగురున్న ఇంట్లో అది సుమారు మూడు నెలలకు వస్తుంది. రెండు కిలోల బాదంకు 1,650 పెట్టారు. నెలాఖరుకు అందులో సగమైనా డబ్బాలోనే ఉండి ఉంటుంది. ఈ రెండూ సరిచేస్తే మీ ఇంటి అసలు వాడకం 22,300 చుట్టుపక్కల తేలుతుంది. భార్యతో గొడవ పడిన అంకెలోనే రెండు వేలకు పైగా పొరపాటు ఉంది.

ఇక మీరు పెట్టుకున్న 16,000 ఎక్కడిది? పాత పుస్తకంలో 2020 నాటి సగటు అని మీరే రాశారు. అప్పుడు మీ అబ్బాయికి మూడు నాలుగేళ్లే, అమ్మగారు ఊళ్లో ఉన్నారు. ముగ్గురూ ఒక పసివాడూ ఉన్న ఇంటికి సరిపోయిన అంకెలో ఈ రోజు ఐదుగురు బతకాలంటే ఎవరో ఒకరు ప్రతి నెలా తప్పుచేసినవారుగా నిలబడాల్సిందే. ఇప్పుడు ఆ స్థానంలో మీ భార్య ఉన్నారు. 2023-24 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం దేశంలో పట్టణ కుటుంబాలు పెట్టే ఖర్చులో ఆహారం వాటా దాదాపు 40 శాతం. మీ ఇంట్లో సబ్బులు, పేస్టులు కలుపుకుని కూడా ఇది మీ ఆదాయంలో నాలుగో వంతుకు లోపే ఉంది. దుబారా ఇల్లు కాదు మీది.

ఇప్పుడు ఆ 6,000 సంగతి. మీ నకల్లో 26 ఆర్డర్లున్నాయి. వస్తువుల వారీగా విడదీసి చూశాను. డెలివరీ, హ్యాండ్లింగ్, చిన్న ఆర్డరు రుసుము వంటి ఛార్జీలే 900 వరకు తేలాయి. చిప్స్, చాక్లెట్లు, నూడుల్స్, కూల్‌డ్రింకులు కలిపి సుమారు 2,000. మిగిలిన 3,100 పెరుగు, గుడ్లు, దోసె పిండి, బ్రెడ్డు, అల్లం, కొత్తిమీర, పచ్చిమిర్చి. ఇవి ఎక్కడో ఒకచోట కొనవలసినవే. కాస్త చవకైన చోట కొంటే మూడు నాలుగు వందలు తగ్గవచ్చు. చిరుతిళ్లలో సగం, ఛార్జీల్లో చాలావరకు తగ్గించగలిగితే ఈ మొత్తంలో నిజంగా ఆదా చేయగలిగేది సుమారు 2,000. మీరు ఆరు వేలూ పోయాయని బాధపడుతున్నారు. పోతున్నది అందులో మూడో వంతు.

మీ వైపు పద్దులు కూడా అదే కంటితో చూడండి. బాదం కిలోకు 150 తక్కువకు దొరికిందని రెండు కిలోలు తెచ్చినట్టు గర్వంగా రాశారు. 300 మిగిలాయి, కానీ 1,650 జేబులోంచి వెళ్లాయి. అంతకుముందు మీ ఇంట్లో నెలకు పావుకిలో కూడా వాడినట్టు పుస్తకంలో లేదు. టోకు బజారులో ఉండే చిక్కే ఇది. చవక అనిపించగానే చేయి పెద్దదవుతుంది. అయిదు కిలోల బొంబాయి రవ్వ సంగతి మీరు ఒక్క వాక్యంలో దాటేశారు: "వానాకాలంలో మూడు కిలోలు పారబోసింది, అడిగితే పురుగు అంది." డబ్బా మూత తీస్తే సన్నటి దారాలకు రవ్వ ఉండలుగా అంటుకుని వేలాడుతుంటే, ఉద్యోగం నుంచి వచ్చి ఉప్మా చేద్దామనుకున్న మనిషి ఏం చేయాలి? ఆ రాత్రే ఆమె దోసె పిండి తెప్పించి ఉంటే ఆ ఆర్డరుకు కారణం యాప్ అనాలో, అయిదు కిలోల రవ్వ అనాలో ఆలోచించండి. కందిపప్పు నెలకు నాలుగు కిలోలు తెస్తున్నారు, కిలోకు 20 చొప్పున 80 రూపాయలు మిగులుతాయి. పారబోసిన రవ్వ ఖరీదు అంతకన్నా ఎక్కువే.

బేగంబజార్ మానేయమని నేను అనడం లేదు. అక్కడికి ఏవి తెచ్చుకోవడానికి వెళ్లాలో, ఏవి అక్కర్లేదో తేల్చుకోమంటున్నాను. జీలకర్ర, ధనియాలు, మిరియాలు, ఎండుమిర్చి, చింతపండు, పసుపు వంటివి ఎక్కువ రోజులు నిల్వ ఉండేవి. చిల్లర కొట్టుకూ టోకు కొట్టుకూ తేడా వీటిలో బాగా కనిపిస్తుంది. వరంగల్, ఖమ్మం మార్కెట్లకు కొత్త మిర్చి జనవరి నుంచి ఏప్రిల్ దాకా వస్తుంది. కొత్త చింతపండు ఫిబ్రవరి, మార్చి నెలల్లో. మన పెద్దవాళ్లు ఏడాది సరుకు ఆ రోజుల్లోనే కొనేవారు. గింజ తీసి, ఉప్పు కలిపి, ఎండబెట్టి దాచిన చింతపండు మళ్లీ వేసవి దాకా ఉంటుంది, మీ అమ్మగారికి ఇది బాగా తెలిసి ఉంటుంది. కొత్త కందిపప్పు సంక్రాంతి ముందూ వెనకా వస్తుంది. నాలుగైదు నెలలకు సరిపడా అప్పుడు కొని ఎండబెట్టి పెట్టుకోవచ్చు. రవ్వ, మైదా, సెనగపిండి మాత్రం జూన్ నుంచి సెప్టెంబరు దాకా రెండు మూడు వారాలకు మించి తేవద్దు. తెచ్చిన రవ్వను దోరగా వేయించి చల్లార్చి పెడితే మరికొంత కాలం ఆగుతుంది. ఉల్లిపాయలకూ కాలం ఉంది. వేసవిలో వచ్చే రబీ ఉల్లి నిల్వకు తట్టుకుంటుంది, మలక్‌పేట గంజ్‌లో పది కిలోలు తీసుకున్నా నష్టం లేదు. వానాకాలం పంట ఉల్లి అలా ఆగదు, వారానికి సరిపడా చాలు.

ఇంటి ఖర్చులో మరో పెద్ద పద్దు బియ్యం. ఇక్కడ మీరు ఇప్పటికే 26 కిలోల బస్తా కొంటున్నారు, మంచి పని. ప్యాకు చేసి లేబులు వేసిన బియ్యం, పప్పులు 25 కిలోలు లేదా అంతకు లోపు ఉంటే 2022 జూలై 18 నుంచి 5 శాతం జీఎస్టీ పడుతోంది. 26 కిలోల బస్తాలు బజారులోకి వచ్చింది అందుకే. విడిగా కాటా వేసి ఇచ్చే పప్పుకు ఆ పన్ను లేదు. బియ్యంలో మీరు వదిలేస్తున్న ఆదా వేరే ఉంది. మీరు ప్రతిసారీ పాత బియ్యమే కొంటున్నారు, దానికి ఎక్కువ ధర పెడుతున్నారు. వానాకాలం పంట అక్టోబరు చివర నుంచి డిసెంబరు దాకా వస్తుంది. అప్పుడు కొత్త సన్నబియ్యం రెండు బస్తాలు కొని, మంచం కిందో అటక మీదో వేపాకు వేసి పెట్టుకుంటే ఎండాకాలానికి అవే పాత బియ్యం అవుతాయి. చోటు కావాలి, ఒకేసారి డబ్బు కావాలి, పురుగు పట్టకుండా చూసే ఓపిక కావాలి. మీ ఫ్లాటులో చోటు లేకపోతే దీని జోలికి వెళ్లకండి. అమ్మగారికి షుగరు కాబట్టి ఒక మాట. మన వ్యవసాయ విశ్వవిద్యాలయం తెచ్చిన తెలంగాణ సోనా రకానికి గ్లైసీమిక్ ఇండెక్స్ (తిన్నాక రక్తంలో చక్కెర ఎంత వేగంగా పెరుగుతుందన్న కొలత) తక్కువని పేరుంది. డాక్టరును అడిగి చూడండి, అయితే ఏ బియ్యమైనా కంచంలో ఎంత పెట్టారన్నదే ముఖ్యం.

నూనె ప్యాకెట్ల మీద ముద్రించిన బరువు చదవండి. లీటరు పొద్దుతిరుగుడు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. చూడటానికి లీటరు ప్యాకెట్‌లా ఉండి 850, 800 గ్రాములే ఉండేవి కొట్లలో పక్కపక్కనే ఉంటాయి. ఎమ్మార్పీ పక్కన గ్రాముకు లేదా కిలోకు ఎంత పడుతుందో ముద్రించాలన్నది ఇప్పుడు నిబంధన. ఎమ్మార్పీ కన్నా ఆ చిన్న అక్షరాల అంకెను పోల్చడం మీ అమ్మాయికి నేర్పండి, పెద్ద ప్యాకెట్టే ఎప్పుడూ చవక కాదని తనే పట్టుకుంటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి సబ్బు, షాంపూ, పేస్టు, బిస్కెట్ల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి, నెయ్యి, వెన్న, బాదం వంటి వాటి మీద 12 నుంచి 5 శాతానికి దిగింది. పాత ధరకే అలవాటుగా తెచ్చుకుంటున్నవి ఏమైనా ఉంటే సరిచూసుకోండి. ఎమ్మార్పీ కన్నా ఎక్కువ అడిగితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు.

కూరగాయలకు 3,900 అవుతోంది. మీ ఇంటికి దగ్గర్లోనే రైతుబజార్ ఉంది కదా. రైతుబజార్లు 1999లో మొదలైన దగ్గర్నుంచీ ఆ రోజు ధర బోర్డు మీద రాస్తారు, అది టోకు ధరకూ చిల్లర ధరకూ నడుమ ఉంటుంది. పొద్దున వెళ్తే తాజా కూర, చీకటి పడ్డాక వెళ్తే తక్కువ ధర. సాయంత్రం చవకైన ఆకుకూర రెండో రోజుకు వాడిపోతుంది కాబట్టి ఆకుకూరలు పొద్దున, దుంపలు, సొరకాయ, గుమ్మడి సాయంత్రం అనుకుంటే మంచిది. పండ్ల మార్కెట్టు గడ్డిఅన్నారం నుంచి బాటసింగారం వెళ్లిపోయింది, కాస్త దూరమైనా మీకు విజయవాడ రోడ్డు మీదుగా నేరుగా వెళ్లవచ్చు. మామిడి రోజుల్లో, బత్తాయి రోజుల్లో రెండు మూడు ఇళ్లవాళ్లు కలిసి పెట్టె తెచ్చుకుంటే పిల్లలకు చిరుతిండి కూడా అదే అవుతుంది. ఒక్క ఇంటికోసం పెట్టె తెస్తే రవ్వ కథే మళ్లీ.

అమ్మగారి ఖాతా గురించి కూడా రాశారు, మూల మీద కిరాణా కొట్టులో నెలకు 2,700. దాన్ని ముట్టుకోవద్దని నా అభిప్రాయం. ఆమెకు రోజుకొక నడక, ఇద్దరు మనుషులతో మాట, మనవడికి తన చేత్తో కొనిచ్చే బిస్కెట్టు అక్కడే ఉన్నాయి. అంతేకాదు, ఆ కొట్టతను ఫోను చేస్తే కుర్రాడితో సరుకు పంపిస్తాడని మీరే రాశారు, ఛార్జీ లేకుండా. రాత్రి తొమ్మిదింటి కరివేపాకుకు మీ ఇంటి మొదటి దారి అదే కావచ్చు. పై నెల నుంచి ఉప్పు, పంచదార, సబ్బులు ఆ కొట్టుకే జాబితాగా ఇవ్వండి. అతను కొద్దో గొప్పో తగ్గిస్తాడు, అమ్మగారి మాటకు అక్కడ విలువ పెరుగుతుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. మీ భార్య దినచర్య మీ ఉత్తరంలో అక్కడక్కడా చెదిరి ఉంది, కలిపి చదివితే ఇలా ఉంది. పొద్దున అయిదున్నరకు లేచి నాలుగు క్యారేజీలు కట్టి, ఎనిమిదికి ఇల్లు వదులుతారు. ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, హైటెక్ సిటీలో దిగుతారు. తిరిగి వచ్చేసరికి ఎనిమిదిన్నర. వచ్చాక రాత్రి వంట, రేపటి టిఫిను ఆలోచన. మీరు బేగంబజార్ వెళ్లని రోజుల్లో ఆరున్నరకే ఇంట్లో ఉంటారు. ఆ రెండు గంటల్లో ఏం చేస్తారన్నది మీ ఉత్తరంలో లేదు. తొమ్మిదింటికి ఆమె ఆ 41 రూపాయలు పెట్టి కొన్నది కరివేపాకు చేరవేత ఒక్కటే కాదు, పావుగంట విశ్రాంతి. ఆ డబ్బు మిగలాలంటే ఆ పావుగంట ఇంకెవరైనా ఇవ్వాలి. ఇంట్లో ఆ సమయం ఉన్నది మీకే.

యాప్‌లు తీసేయించవచ్చా అని అడిగారు. తీసేయిస్తే మొదటి నెల పుస్తకంలో 6,000 తగ్గినట్టు కనిపిస్తుంది. ఆ తర్వాత ఆమె మెట్రో స్టేషను బయట కొనుక్కుని సంచీలో తెస్తారు, లేదా కవర్లు దాచినట్టే ఫోను దాస్తారు. సంపాదిస్తున్న మనిషి తన ఇంట్లో పెరుగు ప్యాకెట్టు కవరు పక్కవాళ్ల చెత్తలో వేయాల్సి వస్తోందంటే, పరువు ఎంత దెబ్బతిని ఉంటుందో ఒక్క నిమిషం ఆ చోట నిలబడి చూడండి. ఈ దారి నేను సూచించను. అయినా మీరు ఎంచుకుంటే, డబ్బు మిగిలి మనిషి దూరమవుతుందని తెలిసే ఎంచుకోండి.

రెండో దారి, ఆమె చేతిలో నెలకు ఒక మొత్తం ఉంచడం, 3,500 అనుకుందాం. దానికి పద్దు అడగకూడదు, పుస్తకంలో ఒక్క గీతగా రాసి వదిలేయాలి. ఆమె తన పద్ధతిలో సర్దుకుంటారు. రోజూ తెప్పించేదాన్ని వారానికి రెండుసార్లకు కుదిస్తే ఛార్జీలు వాటంతట అవే పడిపోతాయని ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. ఇందులో ఇబ్బంది మీకే. లెక్క రాసే అలవాటున్నవారికి రాయని డబ్బు నిద్ర పట్టనివ్వదు. ఓర్చుకోగలనా అని ముందు మీరే ప్రశ్నించుకోండి. మధ్యలో ఒక్కసారి "ఇది ఎందుకు?" అన్నారంటే మొత్తం వృథా.

మూడో దారి, సాయంత్రం పని మీరు తీసుకోవడం. ఆరున్నరకు ఫ్రిజ్ తెరిచి చూడండి. పెరుగు ఉందా, తోడు వేశారా, దోసె పిండి ఉందా, అల్లం పచ్చిమిర్చి అయిపోయాయా? పాలు రోజుకు రెండు లీటర్లు కొంటున్నారు, 3,600 అవుతోంది. అందులో అర లీటరు తోడేస్తే బయటి పెరుగు చాలావరకు అక్కర్లేదు. వారానికి రెండుసార్లు మినప్పప్పు నానబోసి రుబ్బితే దోసె పిండి మీ చేతి మీదే తయారవుతుంది. మీరు కిలోకు 20 మిగిల్చి తెస్తున్న మినప్పప్పుకు అప్పుడే అర్థం. కష్టం ఏమిటంటే మొదటి నెల మీకు కోపం వస్తుంది, అలసట వస్తుంది. ఇంట్లో "మగవాడివి నీకెందుకురా?" అనే మాట కూడా వినిపించవచ్చు. ఆమెకూ నమ్మకం కుదరడానికి సమయం పడుతుంది, నాలుగు రోజుల ముచ్చటేమో అనుకుంటారు. రెండో దారీ మూడో దారీ కలిపితే నెలకు రెండు వేలు తగ్గి, మీ ఖర్చు 20,300 దగ్గర నిలుస్తుందని నా అంచనా. 16,000 గీత చెరిపేసి ఆ గీత పెట్టుకోండి.

వీటిలో ఏది ఎంచుకున్నా, దానికి ముందు ఒక మాట ఆమెతో చెప్పవలసి ఉంది. లెక్క తప్పినందుకు కాదు, అరిచినందుకు. "ఆ రోజు అమ్మ ముందు, పిల్లల ముందు నిన్ను అలా అనకూడదు. ఈఎంఐ భయం నాది, మాట పడింది నువ్వు" అని చెబితే చాలు. పుస్తకం చేతిలో పెట్టుకుని మాత్రం చెప్పకండి. అందరి ముందు అన్నారు కాబట్టి, ఆమె ఒప్పుకుంటే, క్షమాపణ కూడా అందరి ముందే చెప్పడం న్యాయం. ఆమె వెంటనే కరగకపోవచ్చు, రెండు నెలలు మౌనంగానే ఉండవచ్చు. ఆ మౌనాన్ని కొత్త నేరంగా రాసుకోకండి.

కూతురు కవర్ల సంగతి చెప్పినప్పుడు మీరేమన్నారో రాయలేదు. ఆ పిల్ల తల్లి మీద నిఘా పెట్టిందని నేను అనుకోను. ఇద్దరి మధ్యా ఏదో జరుగుతోందన్న భయంతో మీకు చెప్పి ఉంటుంది. "అమ్మ తన డబ్బుతో తనకు నచ్చింది కొనుక్కోవచ్చమ్మా, అందులో తప్పు లేదు" అని ఆ పిల్లకు మీ నోటి మీదుగా వినిపించాలి. ఇది ఈ రోజే చేయండి, మిగతావన్నీ ఆగినా ఫర్వాలేదు.

చివరగా ఈఎంఐ సంగతి. మీ ఇంట్లో ధరల గొడవ మొదలైంది పప్పు వల్ల కాదు, మీ ఉత్తరం తేదీలే చెబుతున్నాయి. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి దాకా రిజర్వ్ బ్యాంకు రెపో రేటును (బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీని) 4 శాతం నుంచి 6.5 శాతానికి పెంచుకుంటూ పోయింది. మీ ఈఎంఐ 5,400 పెరిగింది ఆ రోజుల్లోనే, సరుకుల సంచీ మీ భుజానికి వచ్చిందీ అప్పుడే. అదే రెపో రేటు 2025లో విడతలు విడతలుగా 5.25 శాతానికి దిగింది. బ్యాంకుల నుంచి 2019 అక్టోబరు తర్వాత తీసుకున్న చలన వడ్డీ (ఫ్లోటింగ్ రేటు) గృహరుణాలు రెపో వంటి బయటి కొలమానానికి ముడిపడి ఉంటాయి కాబట్టి ఆ తగ్గుదల చాలావరకు వాటంతట అవే అందుకుంటాయి. గృహరుణ సంస్థలకు ఆ నిబంధన లేదు, సొంత ప్రామాణిక రేటు పెట్టుకుంటాయి. కొత్త ఖాతాదారుకు తక్కువకు ఇస్తూ పాత ఖాతాదారును పాత వడ్డీలోనే ఉంచడం అక్కడ మామూలే, మీరు అడిగి కొంత రుసుము కడితే తప్ప మార్చరు. మీ ఈఎంఐ ఇంకా 32,000 దగ్గరే ఉందంటే అడగలేదనే అనుకుంటున్నాను.

ఒక శనివారం బేగంబజార్ మానుకుని మీ గృహరుణ సంస్థ కార్యాలయానికి వెళ్లండి. ప్రస్తుత వడ్డీ ఎంత, ఈ రోజు కొత్తవారికి ఎంతకు ఇస్తున్నారు, మార్చడానికి రుసుమెంత అన్నవి రాతపూర్వకంగా తీసుకోండి. తగ్గించకపోతే రుణాన్ని వేరే బ్యాంకుకు మార్చుకోవచ్చు. వ్యక్తులు తీసుకున్న చలన వడ్డీ గృహరుణాలకు ముందస్తు చెల్లింపు జరిమానా ఉండదు, కొత్త బ్యాంకు ప్రాసెసింగ్ రుసుము, కాగితాల ఖర్చు మాత్రం లెక్కలో వేసుకోవాలి. మీకు మిగిలి ఉన్న అప్పు మీద వడ్డీ ఒక్క శాతం తగ్గినా నెలకు పదిహేను వందల నుంచి రెండు వేల దాకా మిగలవచ్చు. ఫ్లాటు ఇద్దరి పేర్లా ఉందని రాశారు, కాబట్టి మార్పిడి కాగితాల మీద ఆమె సంతకం కూడా కావాలి. ముందే ఆమెకు చెప్పి, వీలైతే కలిసే వెళ్లండి.